అగ్గిపుల్ల సాక్ష్యం

భివండీ పట్టణ ప్రజలకు, ముఖ్యంగా టెంఘర్ వాసులకు తెలియజేయడమేమనగా: మన పేటలో ఇక మీదట అగ్నిప్రమాదం జరగదు. జరగడానికి వీల్లేదని నలభై రెండు పేజీల నివేదిక తయారైంది. దాన్ని గుండ్రటి దస్తూరితో రాసింది నేనే కాబట్టి ఈ సమాచారం నమ్మదగినది.

నేను దత్తాత్రి సేటు మగ్గాల షెడ్డులో మెహతాను. మా ఊళ్లో అయితే గుమాస్తా అనేవారు, ముంబై పక్కనున్న ఈ మగ్గాల పట్టణంలో మెహతా అంటారు. రెండు చోట్లా చేతికి అంటే సిరా ఒకటే. అర్జీలు, ఆహ్వానాలు, సంతాప తీర్మానాలు, నివేదికలు రాయడం నా పని. షెడ్డు వెనక గోడకు ఆనుకుని పదకొండు గదుల చాల్ ఉంది. అన్నీ మన తెలంగాణ కుటుంబాలే, ఏడో గది నాది. ఆ గోడను కాస్త గుర్తుంచుకోండి.

సేటుకు ఇరవై నాలుగు మగ్గాలుండేవి. గుడ్డకు గిరాకీ పడిపోయాక పన్నెండింటిని పాత ఇనుము కింద తూకానికి వేసి, ఖాళీ అయిన సగం షెడ్డును ఒక కంపెనీకి కిరాయికిచ్చాడు. కంపెనీ చేసే పని చిన్నది కాదు. ధామన్కర్ నాకా కూడలిలో వడాపావ్ బండ్ల దగ్గరా, పెళ్లి వంటల దగ్గరా కాగి కాగి నల్లబడిన నూనెను పోగుచేసి, మా షెడ్డులో పీపాలకు ఎత్తి, ఎక్కడో దూరాన ఉన్న కర్మాగారానికి పంపుతుంది. అక్కడ దాన్ని శుద్ధి చేసి విమానాలు నడిపే ఇంధనంగా మారుస్తారట. ఆకాశం మసిబారకుండా ఉంటుందట. ఈ సంగతి తెలిసిన రోజున పేటంతా ఛాతీ విరుచుకుని తిరిగింది. మా చాల్‌లో విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు గానీ, మేం తిన్న మిర్చి భజ్జీల నూనె మాత్రం దర్జాగా ఎక్కుతోంది.

విమాన ఇంధనం అన్నాక భద్రత ఉండాలి కదా. కంపెనీ వారు ఆ విషయంలో ఏ లోటూ చేయలేదు. ఎర్రటి అగ్నిమాపక బుడ్లు ఆరు తెచ్చారు. దొంగలెత్తుకుపోతారని వాటిని ఇనుప బోనులో పెట్టి తాళం వేశారు, తాళంచెవి పోకుండా ముంబై ఆఫీసులో భద్రపరిచారు. ‘ఇక్కడ బీడీ కాల్చరాదు’ అని మూడు భాషల్లో బోర్డు పెట్టారు. ఆరుబయట నీడ ఇచ్చే వస్తువు ఆ బోర్డొక్కటే కావడం వల్ల లారీ డ్రైవర్లందరూ దాని కిందే నిలబడి బీడీలు కాల్చుకుంటారు. అత్యవసర ద్వారం ఉండాలని నిబంధన ఉంది. ద్వారం పెట్టాలంటే గోడ పగలగొట్టాలి, బోర్డు పెట్టాలంటే రెండు మేకులు చాలు. కాబట్టి వెనక గోడకు పరుగెత్తే మనిషి బొమ్మతో ఆకుపచ్చ బోర్డు కొట్టారు. ఆ మనిషి నిజంగా పరుగెత్తితే సూటిగా మా ఆవిడ కళ పొయ్యి మీదికి వస్తాడు. మధ్యలో తొమ్మిదంగుళాల గోడ ఉంది కనుక మాకా ఇబ్బంది లేదు.

వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండడానికి వైభవ్‌ను భద్రతాధికారిగా నియమించారు. కుర్రాడు మనవాడే, ఇక్కడి గైబీ నగర్‌లోనే పుట్టి మరాఠీ బడిలో చదివి, పన్నెండు రోజుల భద్రతా కోర్సులో సర్టిఫికెట్ సంపాదించాడు. అగ్ని గురించి తెలుసుకోవలసినదంతా ఆ పన్నెండు రోజుల్లో తెలుసుకుని, పదమూడో రోజు నుంచి ఇతరులకు చెప్పడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు కనకవ్వ గురించి చెప్పాలి. నివేదికలో ఆమె పేరు ముప్పై ఒక్క సార్లు వచ్చింది.

కనకవ్వ మా చాల్‌లో మూడో గదిలో ఒంటరిగా ఉండేది. ముప్పై ఏళ్లుగా మగ్గాల కింద ఊడ్చే పని. మగ్గం ఆడుతుంటే దూది పీచు మంచులా రాలుతుంది. దాన్ని ఊడ్చి సంచికెత్తుతుంది. మగ్గాలు తుడిచిన జిడ్డు గుడ్డలను మాత్రం ఎన్నడూ సంచిలో వేయదు. సాయంత్రం సందులో కట్టిన తీగ మీద ఒక్కొక్కటే ఆరేస్తుంది. నూనె తగిలిన పీచునైతే రేకు మీద పలచగా పరుస్తుంది. ఎవరు నేర్పారో ఆమెకూ గుర్తులేదు. మా చాల్‌లోనే ఉంటూ మగ్గాల మరమ్మతు చేసే ఏసుదాసు కూడా గుడ్డ తుడిచిన వెంటనే ఆమె చేతికే ఇచ్చేవాడు. ముప్పై ఏళ్లలో ఆ షెడ్డులో నిప్పు పుట్టకపోవడానికీ ఆ తీగకూ ఏమైనా సంబంధం ఉందా అని ఎవరూ ఆలోచించలేదు. పుట్టనిదాని గురించి ఆలోచించడం మన ఆచారం కాదు.

కంపెనీ వచ్చిన మూడో నెలలో వైభవ్ ఒక ఆవిష్కరణ చేశాడు. పీపాలు నింపేటప్పుడు నూనె నేలమీద ఒలుకుతుంది. దాన్ని పీల్చడానికి ఇసుక కొనాలి. షెడ్డులో సగంలో నూనె ఒలుకుతోంది, సగంలో దూది పీచు ఊరికే రాలుతోంది. మధ్యలో ఉన్నది తాటిపత్రి తెర, అంటే ఒక టార్పాలిన్ పట్టా. వైభవ్ తెర ఎత్తాడు. పీచు చల్లితే నూనె చుక్క మిగలకుండా పీల్చేసింది. ‘స్థానిక వనరులతో స్వదేశీ శోషక పదార్థం’ అని కంపెనీ వారు అతనికి శాలువా కప్పారు. ఆ సన్మానపత్రం రాసిందీ నేనే.

నూనె పీల్చిన పీచును ఏంచేయాలన్న ప్రశ్న వచ్చింది. కనకవ్వ అలవాటు ప్రకారం రేకు మీద పరచబోయింది. కంపెనీ వారి పరిశుభ్రతా ప్రమాణం ప్రకారం కంటికి కనిపించే చెత్త సున్నా ఉండాలి. కాబట్టి తీగ తెంపించారు, రేకు తీయించారు, పీచునూ గుడ్డలనూ గోనెసంచుల్లో కాలితో తొక్కి కుక్కి, మూతులు కుట్టి, వెనక గోడ వెంట నడుమెత్తున పేర్చమన్నారు. సంచుల మీద ఆకుపచ్చ రంగు వేశారు. చూడముచ్చటగా ఉండేది.

కనకవ్వ సరాసరి వైభవ్ కుర్చీ దగ్గరికి వెళ్లింది.

“బిడ్డా, గిట్ల కుక్కకు. నూనె దూది ముద్దజేసి పెడితే అదంతట అదే కాగుతది. గాలికి ఆరెయ్యాలె.”

“అవ్వా, ఫికర్ చెయ్యకు,” అన్నాడు వైభవ్. “ఈ నూనె ఫ్లాష్ పాయింట్ రెండు వందల డిగ్రీలకు పైన. అంత వేడి ఎక్కితే గానీ దాని ఆవిరి అంటుకోదు. మాచిస్ పుల్ల గీసి అండ్ల ఏసినా బుఝ్ జాతా, ఆరిపోతది. సైన్స్ ఆహే.”

“మాచిస్ ఎవలడిగిండ్రు? పెంటకుప్పల ఎన్నడన్న చెయ్యి పెట్టి చూసినవా? సుర్రుమంటది. అండ్ల మాచిస్ ఎవడు గీసిండు?”

వైభవ్ పాఠ్యపుస్తకంలో పెంటకుప్ప అధ్యాయం లేదు. ఆమె ప్రశ్న సిలబస్‌లో లేదని నమోదు చేసుకున్నాడు.

కనకవ్వ దత్తాత్రి సేటు దగ్గరికి వెళ్లింది. సేటు చెడ్డవాడు కాదు. కిరాయి తీసుకునేవాడికి ఎంత మంచితనం ఉండాలో అంతా ఉంది. “అవ్వా, నువ్వు చెప్పేది నిజమే అయితుండొచ్చు. కానీ వాళ్లు చదువుకున్నోళ్లు. నీ పని ఊడ్చుడు, నువ్వు ఊడ్వు” అన్నాడు.

ఆమె ఊడుస్తూనే రోజుకు రెండుసార్లు వెళ్లి సంచులను చేత్తో తాకి చూసేది, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు. చైత్రంలో ఎండలు ముదిరాక ఒక సంచి కుట్టు ఊడదీసి మోచేతి దాకా చెయ్యి దూర్చి, వెంటనే లాగేసుకుని కేకేసింది. అందరం వెళ్లాం. వైభవ్ శాస్త్రీయ దృక్పథం ఉన్నవాడు కాబట్టి, మహమ్మారి రోజుల్లో జనం నుదుటికి గురిపెట్టిన జ్వరం తుపాకీని తెచ్చి సంచిలోకి పేల్చాడు. నలభై మూడు దాటితే దానికి అంకెలు రావు. రెండు గీతలు చూపించి కీచుమంది. మరో సంచికి గురిపెట్టాడు, మళ్లీ కీచుమంది. యంత్రం చెడిపోయిందని తేల్చి, దాన్ని మరమ్మతుకు పంపమని నాచేత అర్జీ రాయించాడు.

“మనిషికి గింత జరం ఉంటే దవఖాన్ల పడేస్తరు,” అంది కనకవ్వ. “సంచికి నోరు లేకపాయె.”

ఏసుదాసు తన చెయ్యి కూడా పెట్టి చూశాడు. “అవ్వ చెప్పేది ఖరా, నిజమే. ఈ గోడ ఎన్క పిల్లలున్నరు వైభవ్” అన్నాడు. వైభవ్ అతనికి ఆకుపచ్చ బోర్డు చూపించాడు. పిల్లల కోసమే కదా అత్యవసర ద్వారం పెట్టింది!

ఆ నెలలోనే భద్రతా వారోత్సవం వచ్చింది. ముగింపు సభ మా షెడ్డులో. సంచులు కనిపించకుండా వాటి ముందు పెద్ద బ్యానర్ కట్టారు. ముఖ్య అతిథి పేరు చెబితే వారికి నచ్చదు, చెప్పకపోతే అసలే నచ్చదు. కనుక పెద్దలు అని మాత్రం రాస్తున్నాను. పెద్దలు రెండు గంటలు ఆలస్యంగా విచ్చేశారు. నాలుగు వందల మంది విసనకర్రల్లా ఆహ్వానపత్రాలు ఊపుకుంటూ కూర్చున్నారు.

మొదట జ్యోతి ప్రజ్వలన. నిలువెత్తు ఇత్తడి దీపం తెచ్చారు గానీ నూనె మరిచారు. వైభవ్ సమయస్ఫూర్తి చూపించి, పీపాలోంచి చెంబెడు విమాన నూనె పట్టుకొచ్చి ప్రమిదలో పోశాడు. వత్తులూ లేవు. కనకవ్వను పిలిచి, మగ్గం కింది పీచుతో అయిదు వత్తులు చేయించాడు. పెద్దలు కొవ్వొత్తి ముట్టించగానే అయిదు వత్తులూ దేదీప్యమానంగా వెలిగాయి. చప్పట్లు మోగాయి.

తర్వాత పెద్దల ఉపన్యాసం.

“సోదర సోదరీమణులారా! ఈ నూనె మండుతుందని కొందరు అజ్ఞానులు పుకార్లు పుట్టిస్తున్నారు. మండుతున్నది నూనె కాదు, వారి కడుపు! ప్రగతిని చూసి ఓర్వలేని కడుపు! ఈ నూనె మండదు. మండదు గాక మండదు. మండకుండానే విమానాన్ని మోసుకుపోతుంది. అదీ మన భివండీ గొప్పతనం! ఇదిగో, మీ కళ్లెదుటే నిరూపిస్తున్నాను.”

వెండి పళ్లెంలో నూనె తెచ్చారు. పెద్దలు అగ్గిపుల్ల గీసి, కెమెరాల వైపు తిరిగి, చిరునవ్వుతో అందులో వేశారు. పుల్ల చుయ్యిమని ఆరిపోయింది. పెళ్లిలో తలంబ్రాలప్పుడు కూడా అంతటి హర్షధ్వానాలు నేను వినలేదు.

పళ్లేనికి మూరెడు దూరంలో అదే నూనెతో దీపం వెలుగుతూనే ఉంది. ఆ సంగతి నాలుగు వందల మందిలో ఒక్కరికే కనిపించింది.

“మరి గదేంది?” అంది కనకవ్వ, దీపాన్ని చూపిస్తూ. “నూనెల పుల్లేస్తే ఆరుతది. వత్తి ఏస్తే మండుతది. గీ ముచ్చట దీపం ముట్టిచ్చే ఏ ఆడిదాన్ని అడిగినా చెప్తది. గా సంచుల్ల ఉన్నదంత వత్తే గదా!”

ఏసుదాసు పెద్దగా నవ్వాడు. వైభవ్ గుడ్లురిమాడు. సభా విశేషాల్లో నేను ఈ ఘట్టాన్ని ‘స్వల్ప అంతరాయం’ అని రాశాను.

పెద్దలు రెండో ఉపన్యాసంలో ఉండగా బ్యానర్ వెనక నుంచి సన్నగా పొగ లేచింది. ఇది వడలు వేగిన నూనె అని మరిచిపోకండి. పొగ కూడా కమ్మటి వడల వాసనతోనే వచ్చింది. సభలో సంతోషం వ్యాపించింది. ఫలహారాలు తయారయ్యాయని ముందు వరసవాళ్లు లేచారు, వెనక వరసవాళ్లు కాగితం ప్లేట్లు అందుకున్నారు. రెండు నిమిషాల్లో బ్యానర్ ముందు బారులు తీరిన క్యూ ఏర్పడింది. పొగ చిక్కబడిన కొద్దీ క్యూలో తోపులాట పెరిగింది. నిజం చెప్పాలంటే నేనూ ప్లేటు పట్టుకునే ఉన్నాను, ముందు నుంచి పదకొండోవాణ్ని.

కనకవ్వ మాత్రం క్యూ తప్పించుకుని బ్యానర్ చింపింది. ఏసుదాసు తోపుడు బండి లాక్కొచ్చాడు. బోనులోని అగ్నిమాపక బుడ్లు మాకేసి చూస్తున్నాయి, తాళంచెవి ముంబైలో ఉంది. ఇద్దరూ కలిసి పొగలొస్తున్న మూడు సంచులను బండి మీదికి ఈడ్చి, గేటు దాటించి, రోడ్డు మీద పడేశారు. ఒక సంచి కుట్లు తెగి గాలి తగిలే సరికి భగ్గుమని మనిషెత్తు మంట లేచింది. రోడ్డు పక్కన ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుకను ఏసుదాసు పారతో ఎత్తి పోశాడు. కనకవ్వ కుడి చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. పావుగంటలో అంతా చల్లబడింది. గోడ నిలిచింది, గోడ వెనక పదకొండు గదులూ నిలిచాయి.

ఇంత జరిగాక విచారణ జరగకుండా ఉంటుందా? విచారణ సంఘానికి అధ్యక్షుడు వైభవ్. సభ్యులు దత్తాత్రి సేటు, కంపెనీ ప్రతినిధి. లేఖకుణ్ని నేను. అయిదు రోజులు శ్రమించి సంఘం నిజాన్ని బయటికి లాగింది. ఆ తర్కాన్ని నా మాటల్లో చెప్పి పాడుచేయడం ఇష్టం లేక నివేదికలోని భాగాన్నే ఎత్తి రాస్తున్నాను:

‘నిప్పు లేనిదే మంట రాదు. ఆ రోజు ఆవరణలో గీసిన అగ్గిపుల్ల ఒకే ఒక్కటి. అది నూనెలో ఆరిపోయినట్లు నాలుగు వందల మంది సాక్షులు, పద్నాలుగు కెమెరాలు ఉన్నాయి. కావున షెడ్డులో నిప్పు లేదు. సంచులు లోపల ఉన్నంతసేపు పొగ మాత్రమే వచ్చింది. పొగకు వడల వాసన ఉన్నందున దానిని ప్రమాద సూచనగా పరిగణించలేము. సంచులు బయటికి వచ్చిన తర్వాతనే మంట వచ్చింది. సంచులను బయటికి తెచ్చినది కనకవ్వ. కావున మంటకు కారణం కనకవ్వ.’

చదివినప్పుడు నాకే ఒళ్లు పులకరించింది. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు.

కనకవ్వను పనిలోంచి తీసేశారు. గది సేటుదే కాబట్టి గదిలోంచి కూడా. అనుమతి లేకుండా పరాయి ఇసుక వాడినందుకు ఏసుదాసుకు మెమో ఇచ్చారు. నివేదికకు చాల్ వాసుల సాక్షి సంతకాలు కావాలని సేటు స్వయంగా మా గుమ్మాల ముందుకు వచ్చాడు. ఆయన గొంతు పెంచలేదు. “కంపెనీ పోతే కిరాయి పోతది. కిరాయి పోతే మిగిలిన పన్నెండు మగ్గాలు గూడ తూకానికే. తర్వాత మీ ఇష్టం” అన్నాడు.

మా ఇష్టమే మేం చేశాం. పదకొండు గదుల్లో తొమ్మిది సంతకాలు పడ్డాయి. కనకవ్వను అడగలేదు. ఏసుదాసు కలం పట్టుకోకుండా సామాను సర్దుకుని గైబీ నగర్‌లో వేరే షెడ్డుకు వెళ్లిపోయాడు. మొదటి సంతకం నాది, అందరికన్నా అందమైనదీ నాదే. నాకు సిగ్గేసింది. కాకపోతే సంతకం ఆరాక వేసింది.

అప్పట్నుంచి అన్నీ సక్రమంగా జరుగుతున్నాయి. సంచులు నడుమెత్తు నుంచి తలెత్తుకు పెరిగాయి. సంచులను బయటికి తేవడమే ప్రమాద హేతువని తేలింది కాబట్టి, వాటిని కదిలించరాదని కొత్త నిబంధన వచ్చింది. కంపెనీకి భద్రతలో జిల్లా స్థాయి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని బోనులో, అగ్నిమాపక బుడ్ల పక్కనే పెట్టి తాళం వేశారు.

మా ఇంట్లో ఒక చిన్న విశేషం. కళ రాత్రి పాలు తోడుపెట్టి గిన్నెను వెనక గోడకు ఆనించి ఉంచుతుంది. వర్షాకాలంలో తెల్లవారేసరికి గడ్డ పెరుగయ్యేది. దీపావళి దాటాక మూడు గంటల్లో తోడుకుంటోంది. ఇప్పుడు డిసెంబరు, పాలు తోడుకునే లోపే విరిగిపోతున్నాయి. గోడ వెచ్చగా ఉందని కళ అంటే, ఎండ దెబ్బ అన్నాను. ఆ గోడ మీద ఎండ పడదని ఆమె గుర్తుచేసింది. తొమ్మిది గదులవాళ్లం చలికాలంలో దుప్పట్లు అక్కర్లేదని ఒకరికొకరం చెప్పుకుంటున్నాం.

నిన్న మనసాగక ధామన్కర్ నాకాకు వెళ్లాను. కనకవ్వ అక్కడ ఆటో స్టాండు పక్కన గోనెపట్టా పరుచుకుని దీపం వత్తులు అమ్ముతోంది. ఉంటున్నది చెల్లెలి ఇంట్లో. పని పోయింది, గది పోయింది. నివేదికలో ముద్దాయిగా ఎక్కిన ఆ మనిషే ఇవాళ మా అందరికన్నా క్షేమంగా ఉంది. కుడి చేతి మీద చర్మం ఇంకా గులాబీ రంగులో ముడతలు పడి ఉంది. నేను చూపు తిప్పుకుని, ఒక కట్ట వత్తులు కొని, మెల్లగా అసలు సంగతి చెప్పాను. ఒక్కసారి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. ఎంత కాగిందో ఆమెకైతే తెలుస్తుంది. మాకెవరికీ ఆ చెయ్యి లేదు.

కనకవ్వ వత్తి పేనడం ఆపలేదు.

“చెయ్యి లేకపోవుడేంది మెహతా? సంతకం పెట్టినవు గదా. గదే చెయ్యి పెట్టి చూస్కో.”